పాఠంలోని పద్యం మనసుకు పట్టాలంటే ఏం చేయాలి: మొదటి చదువు నుంచి చివరి పేజీ దాకా

"మాస్టారూ, ప్రతిపదార్థం వచ్చు. తాత్పర్యం వచ్చు. పద్యం తప్పు లేకుండా అప్పజెబుతాను. కానీ నాకేమీ అనిపించదు." డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతున్న ఇన్నేళ్లలో ఈ మాట ఏటా వింటూనే ఉన్నాను. మొన్న ఒకే వారంలో ముగ్గురు అడిగారు. అందుకే క్లాసులో నేను చేయించే పద్ధతిని వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ప్రాచీన పద్యంలో "నా అర్థం" వెతుక్కోవడమంటే అసలు అర్థాన్ని పక్కకు నెట్టి తోచింది చెప్పడం కాదు. పద్యం ఏమంటోందో అక్షరం వదలకుండా పట్టుకున్నాకే మనకు తగలాల్సింది తగులుతుంది. చాలామంది తాత్పర్యంతో మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతుంది. తాత్పర్యం వేరేవాళ్లు తిని చెప్పిన రుచి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

సిలబస్‌లోని పద్యాలన్నీ ఒకేసారి ముందేసుకోవద్దు. ఒక్కటి తీసుకోండి. "గొప్ప పద్యం" అని అందరూ అన్నదాన్నే తీసుకోనక్కర్లేదు. ఒక మాట దగ్గర నాలుక తట్టుకున్నదో, ఒక మాట చికాకు పెట్టిందో ఉంటే అదే మంచిది.

దగ్గర ఉండాల్సినవి:

- ఒక నోటుబుక్కు. తెరిస్తే ఎడమ పేజీ పద్యానికి, కుడి పేజీ మీకు. ఈ రెండూ కలవకూడదు. మొత్తం పద్ధతి దీనిమీదే నిలబడుతుంది.
- పెన్సిలు. పెన్ను వద్దు, చాలా కొట్టివేతలు ఉంటాయి.
- నిఘంటువు. కాలేజీ లైబ్రరీలో శబ్దరత్నాకరం గానీ సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ ఉంటుంది. ఫోన్లో అయితే ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకవచ్చు.
- మూలగ్రంథం. పాఠ్యపుస్తకంలో ఉన్న పదిహేను పద్యాలు చాలవు, వాటికి ముందూ వెనకా ఏముందో చూడాలి. భారతానికైతే తిరుమల తిరుపతి దేవస్థానం వ్యాఖ్యతో వేసిన సంపుటాలు చాలా లైబ్రరీల్లో దొరుకుతాయి.
- గైడు. ఉండనివ్వండి, కానీ మూడో అడుగు అయ్యేదాకా మూసే ఉంచండి.

రోజుకు 20 నిమిషాల చొప్పున నాలుగైదు రోజులు కేటాయించండి. ఒక్క పూటలో కూర్చుని తేల్చేద్దామంటే ఇది కుదరదు. మధ్యలో నిద్ర పడాలి.

## 2. అర్థం చూడకముందే మూడుసార్లు పైకి చదవండి

ముందు పద్యాన్ని మీ చేత్తో ఎడమ పేజీలో రాయండి. ఫొటో తీసి అతికిస్తే చాలదు. చేత్తో రాసేటప్పుడు ఏ మాట ఎక్కడ విరుగుతుందో వేళ్లకు తెలుస్తుంది.

మొదటిసారి పాదం చివర ఆగుతూ చదవండి. రెండోసారి పాదాన్ని పట్టించుకోకుండా, మాట ముగిసిన చోట ఆగండి. మన పద్యాల్లో మాట ఒక పాదంలో మొదలై రెండో పాదంలో తేలుతుంది కాబట్టి ఈ రెండు చదువులూ వేర్వేరుగా వినిపిస్తాయి. మూడోసారి పుస్తకం చూడకుండా, గుర్తున్నంత వరకే.

మూడోసారి ఏ మాటలు గుర్తున్నాయో వాటికింద గీత పెట్టండి. ఎందుకని ఇప్పుడే ఆలోచించవద్దు. తడబడిన చోట కూడా చుక్క పెట్టండి.

## 3. పద్యాన్ని విడగొట్టి మామూలు మాటల్లో పెట్టండి

చాలామంది నీరసపడేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. పోతన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడి మొర తీసుకుందాం:

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా!

"బ్రాణంబులు" అని నిఘంటువులో వెతికితే దొరకదు. "దనువు" కూడా దొరకదు. ద్రుతం (మాట చివరి న-కారం) మీద వచ్చిన క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారతాయని సంధుల్లో చదువుకున్నారు కదా, అదే ఇది. అసలు మాటలు ప్రాణంబులు, తనువు. పద్యం మధ్యలో గ, జ, డ, ద, బ తో మొదలైన మాట అంతు చిక్కకపోతే వెనక్కి క, చ, ట, త, ప కు మార్చి చూడండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. "డస్సెన్" దొరక్కపోతే "డయ్యు" దగ్గర చూడండి: అలసిపోవడం.

తెలిసిన మాటలతోనే అసలు ప్రమాదం. "లావు" అంటే మనకిప్పుడు ఒంటి లావు. ఇక్కడ బలం. తెలియని మాటకు నిఘంటువు అందరూ చూస్తారు. తెలిసిందనుకున్న మాటకు చూసేవాళ్లే పద్యంలోకి వెళ్లగలుగుతారు. "ఎరుగ" కూడా అలాంటిదే. అది "ఎరుగన్", అంటే "నేను ఎరగను".

ఇప్పుడు మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయండి. "ఒంట్లో బలం ఇసుమంత లేదు. ధైర్యం చెదిరిపోయింది. ప్రాణాలు చోటు తప్పాయి. మూర్ఛ కమ్మింది. ఒళ్లు డస్సిపోయింది. ఆయాసంగా ఉంది. నువ్వు తప్ప ఇంకెవరినీ ఎరగను. దీనుణ్ణి, దయ చూడాలి. రా స్వామీ, కాపాడు."

అలా రాశాక ఒకటి కనిపిస్తుంది. మొదటి రెండు పాదాల్లో ఆరు చిన్న చిన్న వాక్యాలు. ఒక్క ఉపమానం లేదు, పొడవాటి సమాసం లేదు. ఇదే ఘట్టంలో విష్ణువు బయలుదేరే "సిరికిం జెప్పడు" పద్యం పక్కన పెట్టి చూడండి. అందులో సమాసాలు పాదాలు దాటి పారతాయి. ఊపిరాడని జీవి పొడవుగా మాట్లాడలేదు. ఈ సంగతి తాత్పర్యంలో ఉండదు. వచనంలో పెట్టినవాళ్లకే దొరుకుతుంది.

ఇప్పుడు గైడు తెరిచి, మీది సరిచూసుకోండి. తేడా వచ్చిన చోట నిఘంటువే పెద్దదిక్కు.

## 4. ఎవరు, ఎవరితో, ఏ క్షణాన

ఎడమ పేజీ అడుగున ఈ ప్రశ్నలకు ఒక్కో వాక్యం రాయండి:

- మాట్లాడుతున్నది ఎవరు? కవా, పాత్రా?
- వింటున్నది ఎవరు?
- దీనికి ముందు ఏం జరిగింది?
- వెంటనే ఏం జరుగుతుంది?
- మాట్లాడేవాళ్లు ఏం పోగొట్టుకున్నారు, లేదా ఏం కావాలంటున్నారు?

ఈ అడుగు దాటేస్తే పద్యం సామెతగా మిగిలిపోతుంది. నన్నయ ఆదిపర్వంలోని కందం ఇందుకు ఉదాహరణ:

మతి దలపగ సంసారం
బతిచంచల మెండమావు లట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్

చివరి పాదం అందరి నోటా నలిగిందే. "పాత రోజులే నయం" అని వాడేస్తాం. కానీ ఆ మాట అన్నది వ్యాసుడు. విన్నది ఆయన తల్లి సత్యవతి. అప్పుడే పాండురాజు అంత్యక్రియలు ముగిశాయి. పాండురాజు ఆమెకు మనవడు. వ్యాసుడికి? నియోగం వల్ల, అంటే వంశం నిలవడానికి పెద్దల మాట మీద మరొకరి భార్యకు కలిగిన కొడుకు. తన బిడ్డ పోయినవాడు తల్లి దగ్గరికొచ్చి, రాబోయేది ఇంకా ఘోరం, నువ్వు చూడలేవు, తపోవనానికి వెళ్లిపో అంటున్నాడు. ఆమె కోడళ్లిద్దరినీ తీసుకుని వెళ్లిపోతుంది.

ఇంత తెలిశాక "మేలు" అన్న మాట ఇదివరకటి బరువుతోనే ఉంటుందా?

## 5. మిమ్మల్ని ఆపిన మాటను పట్టుకోండి

రెండో అడుగులో గీత పెట్టిన మాటలకు ఇప్పుడు తిరిగి రండి. వాటిలో ఒక్కటే ఎంచుకోండి. పద్యమంతా నచ్చడం అరుదుగా జరుగుతుంది. ఒక మాట గుచ్చుకోవడం చాలాసార్లు జరుగుతుంది. మీకూ పద్యానికీ మధ్య తలుపు అదే.

గజేంద్ర మోక్షంలో నేను ఎక్కువగా చేయించేది ఈ కందం:

కలడందురు దీనుల యెడ
కలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
కలడు కలండనెడివాడు కలడో లేడో

అందరూ "కలడో లేడో" దగ్గర ఆగుతారు. మంచిదే. ఒకసారి ఒక విద్యార్థి మాత్రం "అందురు" దగ్గర ఆగాడు. "మూడుసార్లు అంటారు, అంటారు, అంటారు అన్నాడు సార్. ఒక్కసారి కూడా నేను చూశాను అనలేదు" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. ఏనుగుకు దేవుడి గురించి తెలిసిందంతా వినికిడే. దీనుల దగ్గర ఉంటాడని విన్నది. యోగుల దగ్గర ఉంటాడని విన్నది. ఇప్పుడు కాలు మొసలి నోట్లో ఉంది. విన్నది నిజమో కాదో తేలాల్సిన సమయం.

ఇక్కడ మళ్లీ నాలుగో అడుగు పనికొస్తుంది. ఈ సందేహం ఎక్కడొచ్చింది? నమ్మకానికి ముందు అనుకుంటారు చాలామంది. కాదు. "ఎవ్వనిచే జనించు జగము" అని మొదలుపెట్టి "ఈశ్వరునే శరణంబు వేడెదన్" అన్న పద్యం దీనికంటే ముందే ఉంది. శరణు అన్నాక కూడా సందేహం వచ్చింది. ఆ వెంటనే "కలుగడే నాపాలి కలిమి" అంటూ సీసంలో తనకు తాను చెప్పుకుంటుంది. ఆ తర్వాతే "లావొక్కింతయు లేదు". ఈ వరస చూసిన పిల్లవాడికి, తన సందేహం తప్పేమో అన్న భయం ఉంటే, పోతన ఆ భయానికి చోటిచ్చాడని అర్థమవుతుంది. ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు.

మాట చిన్నదైనా ఫర్వాలేదు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం మీద దారి తెలియక వరూధినిని అడుగుతాడు: "త్రోవ తప్పితిం గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి". కాళ్లకు రాసుకుంటే కోరిన చోటికి చేర్చే పాదలేపం, సిద్ధుడిచ్చింది, మంచుకు కరిగిపోయింది కదా, తప్పు మంచుదని చెప్పొచ్చు. అలా అనడు. "క్రొవ్వున", అంటే కొవ్వెక్కి వచ్చాను అంటాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, మొదటి మాటల్లోనే. ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా దూరపు ఊరి కాలేజీలో చేరి, హాస్టల్ గదిలో మొదటి నెల ఏడ్చిన పిల్లలకు ఈ ఒక్క మాట చాలు.

## 6. కుడి పేజీ రాయడం

ఇప్పటిదాకా కుడి పేజీ ఖాళీ. పైన మీరు పట్టుకున్న మాటను రాయండి. కింద ఒక సంఘటన రాయండి. భావన కాదు, సంఘటన. ఎక్కడ, ఎవరున్నారు, ఎవరేమన్నారు.

ఇలా రాస్తే పనికిరాదు: "జీవితంలో కష్టాలు వచ్చినప్పుడు దేవుడే దిక్కని ఈ పద్యం నాకు నేర్పింది." ఇది ఎవరైనా రాయొచ్చు, ఏ పద్యం కిందైనా రాయొచ్చు.

ఇలా రాస్తే పనికొస్తుంది: "నాన్న ఆపరేషన్ రోజు బయట బెంచీ మీద కూర్చున్నాం. అత్తయ్య 'ఏమీ కాదంటున్నారు, ఏమీ కాదంటున్నారు' అని అందరికీ ఫోన్లో చెబుతోంది. అన్నదెవరో నాకు తెలియలేదు. అందురు."

నా కుడి పేజీ ఒకటి చెబుతాను. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉండేది. ఇల్లు ఖాళీ చేయించి నా దగ్గరికి తీసుకొచ్చిన ఏడాది నన్నయ పద్యం మళ్లీ పాఠం చెప్పాల్సి వచ్చింది. అమ్మతో నేనేమన్నానో గుర్తొచ్చింది. "ఇక్కడ ఇంకేముందమ్మా, ఉన్నవాళ్లూ పోతున్నారు" అన్నాను. అమ్మ మారుమాట్లాడకుండా తులసి కోట దగ్గరికెళ్లి కాసేపు నిలబడింది. తర్వాత సామాను సర్దుకుంది. అంతవరకూ ఆ పద్యంలో నేను వ్యాసుడి మాటే విన్నాను. ఆ రోజు మొదటిసారి, వింటూ నిలబడ్డ సత్యవతి కనిపించింది.

రాశాక తప్పనిసరిగా ఒక పని చేయండి. కుడి పేజీలోని సంఘటనకూ ఎడమ పేజీలోని పద్యానికీ ఎక్కడ పొసగదో ఒక వాక్యం రాయండి. నాది: "వ్యాసుడికి జరగబోయేది తెలుసు. నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడాను." పోలిక కంటే ఈ తేడా వాక్యమే ఎక్కువ నేర్పుతుంది.

## 7. పద్యంతో పేచీ వస్తే

రావాలి కూడా. శకుంతల దుష్యంతుడి సభలో చెప్పిన "నుతజల పూరితంబులగు నూతులు నూరిటికంటె" పద్యం తెలుసు కదా. నూరు నూతులకంటే ఒక బావి (దిగుడుబావి), నూరు బావులకంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక సత్యవాక్యం మేలని. "కొడుకే ఎందుకు సార్?" అని ఒకమ్మాయి కోపంగా అడిగింది. ఆ కోపాన్ని చల్లార్చవద్దు. దాన్ని కుడి పేజీలో రాసి, మళ్లీ ఎడమ పేజీకి పంపాలి.

ఆ అమ్మాయిని అలాగే పంపాను. వారం తర్వాత వచ్చి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, మెట్లన్నీ ఎక్కించి చివరికి కొడుకుల కంటే కూడా నిజమే పైన పెట్టిందని. రెండోది నేనే ఎన్నడూ ఆగి చూడని మాట: శకుంతల ఆ రాజును "సూనృతవ్రత!" అని పిలిచింది. నిజమే వ్రతంగా గలవాడా అని, నిండు సభలో తనను ఎరగనని అబద్ధమాడుతున్నవాణ్ణి. "కొడుకు మాట మీద నా అభ్యంతరం పోలేదు సార్, కానీ ఆమె ధైర్యం నాకు కావాలి" అని రాసుకుంది. అభ్యంతరం పోవాలని నియమం లేదు. పద్యం చదవకుండా కోప్పడటం, చదివి కోప్పడటం ఒకటి కావు.

## 8. తరచూ చేసే పొరపాట్లు, సర్దుకునే తీరు

నీతి వెతకడం. "ఇందులో నీతి ఏమిటి?" అని మొదలుపెడితే ప్రతి పద్యం ఒకేలా కనిపిస్తుంది. ఆ ప్రశ్న తీసేసి "ఈ మనిషికి ఇప్పుడేం కావాలి?" అని అడగండి.

కన్నీళ్లు తెచ్చిపెట్టుకోవడం. ఏమీ అనిపించకపోతే "ఏమీ అనిపించలేదు" అనే రాయండి. తేదీ వేయండి. అది నిజాయితీ గల పేజీ.

పాత మాటకు కొత్త అర్థం అంటించడం. లావు దగ్గర చెప్పాను. మీ వ్యాఖ్య మొత్తం ఒక్క మాట మీద నిలబడితే, ఆ మాటను నిఘంటువులో రెండోసారి చూడండి.

అలంకారం పేరు చెప్పి వదిలేయడం. "ఎండమావులట్టుల" దగ్గర ఉపమాలంకారం అని రాసి ముందుకెళ్లిపోతారు. ఎండమావి దూరం నుంచే కనబడుతుంది, దగ్గరికెళ్తే ఉండదు. సంపదను దానితో ఎందుకు పోల్చాడో ఒక్క వాక్యం మీరే రాయండి.

ఛందస్సును లెక్కగానే చూడడం. గణాలు వేసుకోండి, తప్పదు. వేశాక, కందంలో రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకటే ఉండాలన్న నియమం పోతన చేతిలో ఏమైందో చూడండి. ప్రాస "ల" కోసం నాలుగుసార్లూ "కలడు" అనే వచ్చింది. ఉన్నాడు, ఉన్నాడు అనుకుంటూనే లేడేమో అన్న చోటికి చేరాడు.

కవి జీవితంతో సరిపెట్టడం. కవి పరిచయం పరీక్షకు కావాలి. పద్యానికి అది తాళంచెవి కాదు.

## 9. క్లాసులోనూ పరీక్షలోనూ

క్లాసులో చెప్పేటప్పుడు ఎడమ పేజీతో మొదలుపెట్టండి. ముందు మాట, దాని అర్థం, సందర్భం. తర్వాతే "నాకిది గుర్తొచ్చింది". అప్పుడు వినేవాళ్లు మీ సొంత గోడుగా కాక, పద్యం గురించి మాటగా వింటారు. ఇంటి సంగతులు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. కుడి పేజీ చూపించమని అడిగే హక్కు ఏ మాస్టారికీ లేదు, నేనూ అడగను.

పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్యకు పరిచయం, సందర్భం, భావం, వ్యాఖ్య అడుగుతారు. మొదటి మూడూ పుస్తకం ప్రకారమే రాయండి. నాలుగోదానిలో మీరు పట్టుకున్న మాట గురించి రెండు వాక్యాలు రాయొచ్చు: "అందురు అని ముమ్మారు అనడం వల్ల గజేంద్రునికి తెలిసినదంతా వినికిడి అని స్ఫురిస్తుంది" అన్నట్టు. సంఘటన రాయవద్దు. సంఘటన వల్ల మీకు కనిపించిన పద్యభాగం రాయండి.

రాసే ముందు చూసుకోవాల్సినవి:

- నేను పట్టుకున్న మాట పద్యంలో ఉన్నదేనా, తాత్పర్యంలోదా?
- దాని అర్థం నిఘంటువులో చూశానా?
- ముందు, వెనక పద్యాలు చదివానా?
- నా వాక్యాన్ని వేరే పద్యం కింద పెడితే కూడా నప్పుతుందా? నప్పితే కొట్టేయండి.

## 10. ఎంత చేసినా తెరుచుకోని పద్యం

కొన్ని తెరుచుకోవు. ఎడమ పేజీ పూర్తిచేసి, కుడి పేజీలో తేదీ మాత్రం వేసి వదిలేయండి. నోటుబుక్కు పారేయవద్దు. సెమిస్టర్ అయ్యాక ఒకసారి, ఉద్యోగంలో చేరాక ఒకసారి తిరగేయండి. మళ్లీ చదివినప్పుడు పాతది కొట్టేయకుండా, కిందనే కొత్త తేదీతో రాయండి.

నా నన్నయ పేజీలో మొదటి తేదీ కింద ఒకే వాక్యం ఉంది: "పరీక్షకు ముఖ్యం." దానికింద పదకొండేళ్ల ఖాళీ. ఆ తర్వాత అమ్మ, తులసి కోట.